ఈజీఆర్ వాల్వు ఇంట్లో విప్పి శుభ్రం చేసుకోవచ్చా? ఘాట్ మీద బండి లాగడం లేదు

సెమిలిగుడ_పికప్
సెమిలిగుడ నుంచి సుంకి ఘాట్ దిగి సాలూరుకు కూరగాయలు, అల్లం తోలుతాను. తిరుగు లోడు కిరాణా సరుకు. బండి బీఎస్-4 (పాత కాలుష్య ప్రమాణం) డీజిల్ పికప్. ఈమధ్య రెండు ఇబ్బందులు మొదలయ్యాయి. స్లోలో నిలబెడితే ఇంజిన్ ఎగుడుదిగుడుగా కొట్టుకుంటోంది, ఒక్కోసారి ఆగిపోతోంది. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు లాగడం లేదు, వెనక నల్లటి పొగ. ఇంజిన్ లైటు కూడా వెలిగింది. షెడ్డులో చూపిస్తే ఈజీఆర్ వాల్వు (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేదట) పోయింది, కొత్తది వేయాలి, లేదంటే రేకు ముక్క అడ్డం పెట్టి మూసేద్దాం అన్నారు. కొత్తదాని ధర వింటే నెల కిస్తీ కంటే ఎక్కువ. విప్పి కడిగితే చాలని ఇంకొకరు అంటున్నారు. అసలు ఆ వాల్వు ఎక్కడ ఉంటుంది? ఎలా గుర్తుపట్టాలి? పానాలు పట్టడం వచ్చినవాడు ఇంటి దగ్గర చేసుకోగల పనేనా? కుందులి సంత రోజుకు బండి తిరగకపోతే సరుకు కుళ్లిపోతుంది. తెలిసినవారు వివరంగా చెప్పండి.

సుంకిఘాట్_లారీ
కొత్తదీ వద్దు, కడగడమూ వద్దు. రేకు కొట్టించి మధ్యలో పెట్టించండి. ఈ దారిలో తిరిగే పాత బండ్లకు చాలామంది చేయించే పని అదే. నా లారీకి మూయించాక పొగ తగ్గింది, ఎక్కుడులో హాయిగా లాగుతోంది.

పర్లాకిమిడి_పంతులు
లారీ సోదరా, ఆ సలహా ఇవ్వకండి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా యజమాని బండిని మార్చకూడదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ వాల్వు ఎందుకు పెట్టారో తెలియాలి. ఇంజిన్‌లో మంట మరీ వేడెక్కితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిపోయి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. కాలిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపితే ఆక్సిజన్ పాలు తగ్గి మంట చల్లబడుతుంది. ఆ పని చేసేదే ఈజీఆర్. మూసేస్తే ఆ విషవాయువు అంతా బయటికి వస్తుంది. పాతపట్నం, పర్లాకిమిడి మధ్య బండ్లు బారులు తీరే చోట బడి పిల్లలు నడిచి వెళ్తుంటారు. ఉబ్బసం ఉన్న పిల్లలను రోజూ తరగతిలో చూస్తున్నవాడిని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

సుంకిఘాట్_లారీ
నా బండికి కాలుష్య పత్రం ఎప్పుడూ ఆగలేదు పంతులుగారూ.

పర్లాకిమిడి_పంతులు
డీజిల్ బండికి ఆ పరీక్షలో చూసేది పొగ ఎంత చిక్కగా ఉందన్నదే. నైట్రోజన్ ఆక్సైడ్లను అక్కడ కొలవరు. రేకు పెడితే మసి నిజంగానే తగ్గుతుంది కాబట్టి పత్రం ఇంకా సులువుగా వస్తుంది. కంటికి కనపడని విషం పెరిగిన సంగతి ఆ కాగితంలో ఉండదు.

డీజిల్_మాస్టారు
ఐటీఐలో డీజిల్ మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరై జయపురంలో ఉంటున్నాను. పికప్ బాబూ, పానా పట్టే ముందు కాసేపు ఆలోచించు. నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు బాధలు. రెండింటికీ ఒకటే కారణం అనుకుని విప్పితే తర్వాత బాధపడతావు.

ఈజీఆర్ వాల్వు స్లోలోనూ, మామూలు నడకలోనూ తెరుచుకుంటుంది. పెడల్ పూర్తిగా తొక్కి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ కంప్యూటర్ దాన్ని మూసేస్తుంది, ఎందుకంటే అప్పుడు ఇంజిన్‌కు గాలి అంతా కావాలి. మసి పట్టి వాల్వు తెరిచినచోటే ఇరుక్కుంటే స్లోలో పొగ ఎక్కువై ఇంజిన్ కొట్టుకుంటుంది, ఆగిపోతుంది. ఎక్కుడులో గాలి చాలక నల్ల పొగ వస్తుంది. మూసినచోట ఇరుక్కుంటే స్లో బాగానే ఉంటుంది, లైటు మాత్రం వెలుగుతుంది. నీ మొదటి బాధ తెరిచి ఇరుక్కున్న వాల్వు లాగే ఉంది. రెండోది దానివల్లా కావచ్చు, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, టర్బో (పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే పంపు) గొట్టం చిరగడం, ఇంజెక్టర్ చెడడం, వీటిలో దేనివల్ల అయినా కావచ్చు.

ముందు స్కానర్ పెట్టించి కోడ్ చదివించు, అంటే ఇంజిన్ కంప్యూటర్ దాచుకున్న లోపం నంబరు. పీ0401 అంటే పొగ రావలసినంత రావడం లేదు. పీ0402 అంటే ఎక్కువ వస్తోంది. పీ0403 అంటే కరెంటు దారిలో లోపం, దానికి కడిగి లాభం లేదు, తీగలు, కనెక్టర్ చూడాలి. పీ0404 అంటే కంప్యూటర్ చెప్పిన చోటికి వాల్వు చేరడం లేదు.

బరంపురం_బండి
స్కానర్ కోసం షెడ్డు దాకా అక్కర్లేదు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో పెట్టే చిన్న బ్లూటూత్ పరికరం దొరుకుతుంది, ఫోనులో కోడ్ చదువుకోవచ్చు. మా వీధిలో నలుగురం కలిసి ఒకటి కొన్నాం. ఇప్పుడు ఎవరింట్లో పెళ్లి జరిగినా ముందు దాన్నే వెతుకుతున్నారు, చుట్టాల బండ్లన్నీ చూడాలట!

సెమిలిగుడ_పికప్
ఆ పరికరం పక్కింటి కుర్రాడి దగ్గర ఉంటే అడిగి తెచ్చాను. రెండు కోడ్‌లు చూపించింది. పీ0404, పీ0299. షెడ్డులో రెండోదాని మాటే ఎత్తలేదు.

డీజిల్_మాస్టారు
పీ0299 అంటే టర్బో ఇవ్వవలసిన ఒత్తిడి రావడం లేదని. అది చాలా ముఖ్యమైన సంగతి.

సుంకిఘాట్_లారీ
మాస్టారూ, ఈజీఆర్ తెరుచుకుని ఉంటే పొగ టర్బోకు వెళ్లకుండా పక్కదారి పడుతుంది కదా. అప్పుడు ఒత్తిడి తగ్గదా? రెండు కోడ్‌లకూ మూలం ఒకటే అని నేనంటాను.

డీజిల్_మాస్టారు
అలాగూ జరుగుతుంది, నీ మాట కాదనను. అయితే గొట్టాలు చూడటానికి పైసా ఖర్చు లేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుగుకు పట్టి చూడాలి. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది), అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టాలను చేత్తో వంచి, కింది వైపు కూడా చూడాలి. చిరుగు పైనుంచి కనపడదు. నూనె చెమ్మ పట్టి దుమ్ము అంటుకున్న మచ్చ ఉంటే అనుమానించాలి. ఒకరు రేసు ఇస్తుంటే ఇంకొకరు పక్కన నిలబడి వింటే బుస్సుమనే శబ్దం వినిపిస్తుంది. చేతులు, కండువా, జుట్టు ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉండాలి.

సెమిలిగుడ_పికప్
సరే, గొట్టాలు చూస్తాను. మరి వాల్వు ఎక్కడ ఉంటుందో ఇంకా ఎవరూ చెప్పలేదు.

జయపురం_షెడ్డు
నేను చెబుతాను. మా ఆయనా నేనూ కలిసి షెడ్డు నడుపుతున్నాం, ఇలాంటి వాల్వులు మా దగ్గరికి తరచుగా వస్తాయి.

ఒక్కో బండిలో ఒక్కో చోట ఉంటుంది, అందుకని ఫలానా మూల అని చెప్పను. దారి పట్టుకుని వెళ్లండి. పొగ బయటికి వచ్చే మ్యానిఫోల్డు ఇనుముతో చేసినది, తుప్పు రంగులో ఉంటుంది, టర్బో దాని మీదే కూర్చుని ఉంటుంది. గాలి లోపలికి వెళ్లే మ్యానిఫోల్డు అల్యూమినియం లేదా ప్లాస్టిక్. మొదటిదాని నుంచి రెండోదానికి వేలి లావు కంటే పెద్దదైన ఒక ఇనుప గొట్టం వెళ్తుంది. కొన్నింటిలో ముడతలు ముడతలుగా ఉంటుంది. ఆ గొట్టం దారిలో ఒక చివర ఈజీఆర్ వాల్వు ఉంటుంది. మధ్యలో రెండు నీళ్ల గొట్టాలు తగిలించిన డబ్బా కనిపిస్తే అది ఈజీఆర్ కూలర్, ఆ పొగను చల్లబరిచేది.

వాల్వు నెత్తిన కరెంటు కనెక్టర్ ఉంటే మోటారు రకం. గుండ్రటి రేకు డబ్బా, దానికి సన్నటి రబ్బరు గొట్టం మాత్రమే ఉంటే వాక్యూమ్ రకం, పాత బండ్లలో ఎక్కువ. వాక్యూమ్ రకానికి సులువైన పరీక్ష ఉంది. ఇంజిన్ స్లోలో ఉండగా చేతి పంపుతో ఆ డబ్బాకు వాక్యూమ్ ఇస్తే ఇంజిన్ తడబడాలి. తడబడకపోతే వాల్వు కదలడం లేదు, లేదా దారి మూసుకుపోయింది. పంపు ముల్లు నిలవకుండా పడిపోతే లోపల పొర చిరిగింది, కడిగినా ఉపయోగం లేదు, మార్చాల్సిందే.

సెమిలిగుడ_పికప్
దొరికింది అక్కా! బ్యాటరీ వైపు, ఎయిర్ ఫిల్టర్ గొట్టం కింద దాక్కుని ఉంది. మోటారు రకం. మూడు తీగలకు మించి ఉన్నాయి. ఇక విప్పడం ఎలాగో చెప్పండి.

జయపురం_షెడ్డు
ముందురోజు రాత్రి ఇంజిన్ చల్లారాక బోల్టుల మొదట్లో తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. తెల్లవారి చల్లటి ఇంజిన్ మీద పని మొదలుపెట్టండి. ఇప్పుడే ఘాట్ దిగి వచ్చిన బండి మీద చేయి వేయకండి, ఆ గొట్టం చర్మాన్ని ఊడదీస్తుంది. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. విప్పే ముందు ఫోనుతో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి, ఏ తీగ ఎటు నుంచి వచ్చిందో తర్వాత గుర్తుండదు.

కనెక్టర్‌కు చిన్న లాకు ఉంటుంది, దాన్ని నొక్కి తీయాలి, తీగ పట్టుకుని లాగకూడదు. బోల్టులు అల్యూమినియంలోకి దిగి ఉంటాయి. బిగుసుకుంటే బలం వాడకండి, కాస్త బిగించి కాస్త వదులు చేస్తూ ముందుకూ వెనక్కూ ఆడించండి. తల తెగిందంటే ఆ పని ఇంటి దగ్గర ముగియదు. వాల్వు బయటికి రాగానే ఇంజిన్ వైపు రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. మసి బిళ్ల ఒక్కటి లోపల పడినా మీరు చేసిన శ్రమ వృథా.

శుభ్రం చేసేటప్పుడు ముఖ్యమైనది ఒక్కటే. తడిసేది ఇనుప భాగం మాత్రమే, మోటారు భాగం తడవకూడదు. మోటారు పైకి ఉండేలా పట్టుకుని, వాల్వు మూతి కిందికి వంచి, కార్బ్యురేటర్ క్లీనర్ లేదా థ్రాటిల్ బాడీ క్లీనర్ కొట్టండి. కాసేపు నాననిచ్చి పాత టూత్ బ్రష్షుతో రుద్దండి. మందంగా పట్టిన పెంకును చెక్క పుల్లతో గీకండి. ఇనుప బ్రష్షు వాల్వు కూర్చునే అంచు మీద పెట్టారంటే గీతలు పడి మళ్లీ లీకవుతుంది. కాడను స్క్రూడ్రైవర్‌తో పొడిచి బలవంతంగా కదిపితే లోపలి పళ్లు విరుగుతాయి. కదలకపోతే ఇంకోసారి నానబెట్టండి. గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా, చేతికి తొడుగు, కళ్లకు అద్దాలు పెట్టుకుని చేయండి. ఆ మసి పొడి పీల్చవద్దు, పొడిగా ఉన్నప్పుడు గాలి కొట్టి ఊదవద్దు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

కొరాపుట్_కాఫీతోట
ఇంత ఖరీదైన స్ప్రేలు ఎందుకు? కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా వేసి ఉంచితే మసి మొత్తం ఊడిపోతుంది. మా మావయ్య సైలెన్సర్ అలాగే కడిగేవాడు.

జయపురం_షెడ్డు
దయచేసి వద్దు. సైలెన్సర్ ఇనుము, వాల్వు ఒళ్లు చాలావాటిలో అల్యూమినియం. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది. చేతుల మీద, కళ్లలో పడితే ఇంకా ప్రమాదం. ఇది చదివి ఎవరైనా చేస్తారేమోనని భయంగా ఉంది.

కొరాపుట్_కాఫీతోట
అల్యూమినియం సంగతి నాకు తట్టలేదు. పాటించవద్దని అందరికీ చెబుతున్నాను.

బరంపురం_బండి
ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. విప్పకుండా, ఇంజిన్ నడుస్తుండగా గాలి గొట్టంలోకి క్లీనర్ కొట్టే వీడియోలు తిరుగుతున్నాయి. డీజిల్ ఇంజిన్‌లో అది కూడా ఇంధనంలాగే మండుతుంది. ఎక్కువైతే తాళం తిప్పినా ఇంజిన్ ఆగకుండా రేసు అందుకుంటుంది. ఊడిన మసి బిళ్లలు ఒక్కసారిగా వాల్వుల కిందకి వెళ్తాయి.

ప్రాణహిత_ఒడ్డు
సిరొంచ నుంచి రాస్తున్నాను. నీళ్ల సంగతి కూడా గుర్తు పెట్టుకోండి. మా బావమరిది జీపు ఆళ్లపల్లి దారిలో తిరుగుతుంది. రేడియేటర్‌లో కూలెంట్ తగ్గుతూ ఉండేది, కింద చుక్క కనపడేది కాదు, పొద్దున్నే తెల్లటి పొగ. హెడ్ ప్యాకింగ్ పోయిందని ఇంజిన్ దింపేందుకు సిద్ధపడ్డారు. ఈజీఆర్ వాల్వు విప్పి చూస్తే మసి ఉండాల్సిన చోట తడిగా, కడిగినట్టు ఉంది. కూలర్ లోపల చీలి కూలెంట్ ఇంజిన్‌లోకి వెళ్తోంది. వాల్వు తడిగా కనిపిస్తే కడిగి బిగించేయకండి, కూలర్‌కు ఒత్తిడి పరీక్ష చేయించండి. ఎక్కువ నీరు సిలిండర్‌లో చేరితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

డీజిల్_మాస్టారు
ప్రాణహిత సోదరుడు చెప్పింది చాలా విలువైన మాట. హెడ్ దింపే ముందు ఆ కూలర్ చూడమని నేనూ పిల్లలకు చెప్పేవాడిని.

సెమిలిగుడ_పికప్
ప్యాకింగ్ పాతదే వేయవచ్చా? ఇక్కడ దుకాణంలో అట్ట షీటు కత్తిరించి ఇస్తామన్నారు.

జయపురం_షెడ్డు
పొగ వైపు అట్ట నిలవదు, కాలిపోతుంది. లోహపు ప్యాకింగ్ కావాలి, ఆ బండికి సరిపోయేదే తెప్పించుకోండి. వాల్వు ధరతో పోలిస్తే అది చాలా తక్కువ. పాత లోహపు ప్యాకింగ్ ఒకసారి నొక్కుకుపోతే మళ్లీ గాలి ఆపదు. రెండు ముఖాలూ శుభ్రంగా తుడిచి, బోల్టులు ముందు చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి.

సుంకిఘాట్_లారీ
ఇంత కష్టపడి కడిగినా ఏడాది తిరగకుండా మళ్లీ అదే మసి. అందుకే నేను రేకు అన్నది.

డీజిల్_మాస్టారు
మసి ఎందుకు అంత గట్టిగా పడుతుందో చూస్తే ఆ మాట అనవు. ఒట్టి మసి పొడిగా ఉంటుంది, చాలావరకు కొట్టుకుపోతుంది. ఇంజిన్ బ్రీదర్ గొట్టం నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి దానికి తోడైతే తారులా అంటుకుంటుంది. ఆయిల్ గీత పైకి పోసినా, టర్బో సీలు కారుతున్నా, రకం కాని ఆయిల్ వాడినా ఆవిరి పెరుగుతుంది. మిగతా సగం మన అలవాటు. సంతలో లోడు ఎక్కించేంతసేపూ ఇంజిన్ స్లోలో వదిలేస్తారు. రైల్వే గేటు దగ్గర అంతే. స్లోలో ఇంజిన్ చల్లగా ఉంటుంది, ఈజీఆర్ తెరిచి ఉంటుంది, మసి పేరుకోవడానికి అంతకంటే ఏం కావాలి? ఎక్కుడులో పెద్ద గేరులో ఈడ్చుకుంటూ పోవడమూ అలాంటిదే. గేరు తగ్గించి ఇంజిన్‌ను తిరగనివ్వాలి. పికప్ బాబూ, బ్యాటరీ బలహీనమని ఇంజిన్ ఆపకుండా ఉంటున్నావా? అయితే ముందు బ్యాటరీ మార్చు.

సెమిలిగుడ_పికప్
నిజమే మాస్టారూ, సెల్ఫ్ సరిగ్గా తిరగదని సంతలో ఇంజిన్ ఆపడం మానేశాను. అది దీనికి ముడిపడి ఉంటుందని తెలియదు.

ప్రాణహిత_ఒడ్డు
పికప్ తమ్ముడూ, పని ఎంతవరకు వచ్చింది? మా బావమరిది రోజూ అడుగుతున్నాడు, నీ బండి ఇప్పుడు వాళ్లింట్లో మనిషైపోయింది.

సెమిలిగుడ_పికప్
అయిపోయింది, అన్నీ చెబుతాను. మాస్టారు చెప్పినట్టు ముందు గొట్టాలు చూశాం. ఇంటర్‌కూలర్ నుంచి ఇంజిన్‌కు వచ్చే గొట్టం క్లిప్పు పక్కన, కింది వైపు, వేలు దూరేంత చిరిగి ఉంది. వంచితే గానీ కనపడలేదు. సాలూరులో కొత్తది దొరికింది. వేసి ఘాట్ ఎక్కితే లాగుడు వచ్చేసింది, నల్ల పొగ చాలావరకు పోయింది. స్లోలో కొట్టుకోవడం మాత్రం అలాగే ఉంది.

తర్వాత వాల్వు విప్పాం. లోపల దారి సగానికి పైగా మూసుకుపోయింది, వాల్వు కూర్చునే చోట ఒక పెంకు అడ్డంపడి మూత పూర్తిగా మూసుకోవడం లేదు. తడి లేదు, కూలర్ బాగానే ఉంది. అక్క చెప్పినట్టే మోటారు పైకి పెట్టి కడిగాం. నాన్న పుల్లలు చెక్కి ఇచ్చారు, ఆయన చేతిపనికి చెక్కపుల్ల మీద నమ్మకం ఎక్కువ. కొత్త ప్యాకింగ్ వేసి బిగించి, కోడ్‌లు తీసేశాం. మొదట స్టార్ట్ చేసినప్పుడు కాస్త తడబడింది, తర్వాత స్లో నిలకడగా ఉంది. లైటు మళ్లీ రాలేదు. కొత్త వాల్వు కొనాల్సిన పని తప్పింది. మాస్టారికి, అక్కకు, అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను.

జయపురం_షెడ్డు
చాలా సంతోషం. కొన్ని బండ్లకు వాల్వు పూర్తిగా మూసుకునే చోటును స్కానర్‌తో కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించాలి. స్లో మళ్లీ తేడాగా అనిపిస్తే షెడ్డుకు రండి, ఆ పని కొద్దిసేపట్లో అయిపోతుంది. ఘాట్ ఒకసారి ఎక్కి దిగాక బోల్టుల చుట్టూ మసి గీతలు వచ్చాయేమో చూడండి. వస్తే ప్యాకింగ్ సరిగ్గా కూర్చోలేదని అర్థం.

సుంకిఘాట్_లారీ
గొట్టం సంగతిలో మాస్టారి మాటే నిలిచింది, ఒప్పుకుంటాను. నా పాత లారీ రేకు మాత్రం తీయను, ఇంకా ఎన్నాళ్లు తిరుగుతుందో తెలియని బండి అది.

పర్లాకిమిడి_పంతులు
ఎన్నాళ్లు తిరిగితే అన్నాళ్లు ఆ గాలి ఘాట్ కింద ఊళ్లకే వెళ్తుంది. మీతో నేను ఏకీభవించను, అడగడమూ ఆపను.

బరంపురం_బండి
మా అన్నయ్య బీఎస్-6 డీజిల్ కారు తీసుకున్నాడు. దానికీ ఇదే పద్ధతా?

డీజిల్_మాస్టారు
2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన డీజిల్ కార్లు బీఎస్-6. వాటిలో ఈజీఆర్‌తో పాటు పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ కూడా ఉంటుంది. ఈజీఆర్ పాడై మసి పెరిగితే ఆ ఫిల్టర్ త్వరగా నిండుతుంది, దాని ఖరీదు వాల్వు కంటే చాలా ఎక్కువ. వారంటీ ఉన్నంతకాలం ఇంటి దగ్గర విప్పవద్దు, సర్వీసు కేంద్రానికే ఇవ్వండి. ఫిల్టర్ లైటు వెలిగితే ఊళ్లో తిప్పుతూ కాలయాపన చేయకుండా, యజమాని పుస్తకంలో చెప్పినట్టు హైవే మీద ఆగకుండా నడపమని మీ అన్నయ్యకు చెప్పండి. ఆ వేడికి పట్టిన మసి చాలావరకు లోపలే కాలిపోతుంది. లైటు అప్పటికీ ఆరకపోతే ఇక నడపకుండా చూపించాలి.